పడమటి తోట

నవనీతకు ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో ఎర్ర చుక్క తన ముందే ఉన్నట్టు చూపిస్తోంది. తల ఎత్తితే గొర్రెలు. మళ్లీ అవే గొర్రెలు! మంద ముందు నడిచే నల్ల పొట్టేలు నెమరేస్తూ ఆమెనే చూస్తోంది.

"ఏంట్రా నీ చూపు?" అని దాని మీద విసుక్కుంది.

పెన్‌పహాడ్ దాటాక రోడ్డుకు తూర్పునా పడమరా నీలగిరి తోటే. కర్ర కోసం ఎవరో కంపెనీవాళ్లు పెంచుతున్నారు. అందులో ఒక ఆడ తోడేలు ఉంది. కడుపుతో ఉండగా మత్తిచ్చి పట్టి, దాని మెడకు సిగ్నల్ పట్టీ కట్టింది నవనీతే. తోడేలు ఎటు పోతే ఫోన్‌లో చుక్క అటు పోతుంది. ఆమె పరిశోధనంతా ఆ చుక్కే.

కట్టిన రోజు చూడటమే. తర్వాత దాని తోక కూడా కనబడలేదు. ఈపాటికి ఈనే ఉంటుంది.

సరిగ్గా ఇప్పుడే తోట కోతకొచ్చింది. పిల్లలు బొరియ విడిచేదాకా ఆగమని కాంట్రాక్టర్ శశిధర్ చుట్టూ తిరిగి తిరిగి ఆమె చెప్పులు అరిగిపోయాయి.

"తోడేలేది మేడమ్? మీరు ఫోన్ల చుక్క సూపెడ్తున్నరు. చుక్కను సూసి మిషన్లు ఆపాల్నా?" అన్నాడు శశిధర్. చివరికి పోరు పడలేక దిగొచ్చాడు. "సగం ఆపుత. ఏ సగమో మీరే జెప్పుండ్రి. మళ్ల మాట మార్చద్దు."

చెప్పాలంటే బొరియ ఎక్కడో తెలియాలి. బొరియ కోసం వెళ్తే, ఇదిగో, గొర్రెల కాపరి పర్వతాలు తాత మంద!

"తాతా, మందను కాస్త అవతలికి తోలుకెళ్లు. నీ గొర్రెల గోలకే తోడేలు దాక్కుంటోంది."

పర్వతాలు గబగబా చెంపలేసుకున్నాడు. "మంద కాడ దాని పేరు తియ్యకు బిడ్డా! పేరు తీస్తె వస్తది. మా తాతల కాన్నుంచి గదే పట్టింపు."

"రావాలనే కదా నా ఏడుపు! ఎక్కడన్నా చూశావా? అదొక్కటి చెప్పు."

"మంద కాడ అడగకు."

"మంద లేనప్పుడు చెప్తావా?"

"మంద లేకుండ నేనెప్పుడుంట బిడ్డా?"

నవనీత పళ్లు నూరుకుంది. పోనీ పట్టీ సంగతి చెప్పి అడుగుదామా అంటే, అది బయటపడితే వేటగాళ్లకు దారి చూపినట్టేనని ప్రొఫెసర్ నోరు కట్టేశాడు. ముసలాయన చెప్పడు, తను చెప్పకూడదు. ఛీ, ఏం ఉద్యోగమిది!

మర్నాడు పర్వతాలు, పాపం, మందను దూరంగా తోలుకెళ్లాడు. చుక్క కూడా అటే పోయింది.

నవనీత తల పట్టుకుంది. మందను మాటేసి తిరుగుతోందా? అయితే ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదేం? ప్రొఫెసర్‌కు ఫోన్ చేస్తే, "అపురూపమైన విషయమమ్మా, రాసిపెట్టు" అని మురిసిపోయాడు.

ఒక్కటి మాత్రం తేలింది. మొదట్లో రోడ్డుకు అటూ ఇటూ తిరిగిన చుక్క, ఇప్పుడు చీకటి పడితే పడమటి తోట దాటడం లేదు. పక్కనే మంద పడుకున్నా దాని జోలికి పోవడం లేదు. రాత్రుళ్లు తల్లి ఎక్కడుంటే పిల్లలూ అక్కడే కదా! మ్యాపు తీసుకెళ్లి శశిధర్ బల్ల మీద పరిచింది.

"పడమర ముట్టుకోకండి. తూర్పు కోసుకోండి."

శశిధర్ మాట నిలబెట్టుకున్నాడు. తూర్పు తోట నేలకొరిగింది. కర్ర లారీలెక్కింది. జేసీబీలు మొదళ్లు పెకిలించి, గుంటలు పూడ్చి, నేలంతా చదును చేసేశాయి.

పడమర ఒక్క చెట్టూ కదల్లేదు. నవనీత గెలిచింది. అయినా మనసు ఊరుకోలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ తల్లిని కళ్లారా చూడాలి. ఫోన్ పట్టుకుని పడమటి తోటలోకి నడిచింది. చుక్క దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. కాళ్ల దగ్గరికే వచ్చేసింది.

గొర్రెలు!

ఏడుపొక్కటే తక్కువ. నల్ల పొట్టేలు వచ్చి ఆమె సంచిలోని బిస్కెట్ల కోసం మూతి పెట్టింది. "పోరా!" అని విసుగ్గా మెడ పట్టి నెట్టింది. ఒత్తయిన బొచ్చులో వేళ్లకు ఏదో గట్టిగా తగిలింది. బొచ్చు పాయ తీసి చూసింది.

"తాతా... ఇది... నీకెక్కడిది?"

పర్వతాలు ఒకసారి మంద వైపు చూసి, ఆమె చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"ఊకెనే తెగి పడుంటె మా పొట్టేలుకు మంచిగుంటదని కట్టిన గని బిడ్డా, దొరికింది మాత్రం తూర్పు తోటల, అది పిల్లల్ని పెట్టిన బొరియ కాడ."