ఆరంగుళాల మెట్టు

ఆదివారం పొద్దున ఫోన్ తెరవగానే ఆమెకు ఒక కబురు కనబడింది.

"పాత ఉలి మీ 'అమ్మ ఇల్లు' నమూనాను కొలతలతో సహా దించుకున్నారు."

పళ్ళు తోముకోవడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయింది.

కళ్ళజోళ్ళ దుకాణంలో వారమంతా అద్దాలు అరగదీసే ఆమెకు ఉన్న సరదా ఒక్కటే, ఫోన్‌లో ఆడుకునే ఒక ఆట. అందులో మనుషుల్ని పుట్టించవచ్చు, ఉద్యోగాలు ఇప్పించవచ్చు, ఇళ్ళు కట్టి కాపురాలు పెట్టించవచ్చు. ఆమె మాత్రం ఎవరికీ పెళ్ళిళ్ళు చేయలేదు. మెట్లు కట్టింది.

దానికో కారణం ఉంది. తల్లీకూతుళ్ళు అద్దెకుండేది మేడమీది వాటాలో. పైకి రావాలంటే ఇనుప మెట్లు, నిచ్చెనకు చెల్లెలి వరస. మోకాళ్ళు అరిగిపోయిన అమ్మ ఏడాదిన్నరగా కింద కాలు పెట్టలేదు. ఆవిడకు వీధి అంటే కిటికీలోంచి కనబడేంతే.

అందుకే ఆటలో అచ్చం తామున్న ఇంటినే, కింది వాటాతోనూ నీళ్ళ ట్యాంకుతోనూ సహా కట్టి, అమ్మ ఎక్కగలిగే మెట్లు పెట్టాలనుకుంది. ఆటలో దొరికే రెడీమేడ్ మెట్లన్నీ నిటారుగా ఉన్నాయి. నేలను కాస్త కాస్త ఎత్తుతూ ఒక్కో మెట్టూ సొంతంగా కట్టుకోవాలి. నెల్లాళ్ళు కట్టింది, కూల్చింది.

అప్పుడు తగిలాడు పాత ఉలి. ఆటలో ఆయన పెట్టుకున్న పేరది. అసలు పేరేమిటో, ఏ ఊరో తెలియదు.

"మెట్టు తొమ్మిదంగుళాలు పెట్టావేమ్మా? ఎక్కేది మనిషా, మేకా?"

ఆయన రాసిన మొదటి మాట అదే. పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన బాబాయ్ అయ్యాడు.

మెట్టు ఆరంగుళాలు మించకూడదన్నాడు బాబాయ్. పాదం మొత్తం ఆనాలన్నాడు. ఏడు మెట్లకొక చదును, ఆ చదును మీద కూర్చుని ఊపిరి పీల్చుకోవడానికి ఒక బల్ల ఉండాలన్నాడు. అమ్మకు ఏ మోకాలు ఎక్కువ నొప్పో అడిగి మరీ, రెయిలింగ్ కుడివైపు పెట్టించాడు. అన్నీ కుదిరాక ఆమె దానికి 'అమ్మ ఇల్లు' అని పేరు పెట్టి తాళం వేసింది. తాళంచెవి బాబాయ్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ పేరు కూడా మూడో మనిషికి తెలియదు.

ఆ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి నమూనా ఇంకొకరు అడగకుండా తీసుకోకూడదు.

ఎందుకు తీసుకున్నారని అడిగింది.

"చిన్న పని పడిందమ్మా. ఇరవై రోజులు ఆగు, నేనే చెప్తాను."

ఏం పనో చెప్పమంటే మళ్ళీ అదే మాట రాశాడు.

దుకాణంలో తోటి పనామెకు చెబితే పెదవి విరిచింది. ఆ ఆటలో మెట్ల పోటీ ఏదో పెట్టారట కదా, పక్కవాళ్ళ నమూనాలు దించుకుని సొంత పేరుతో పంపేస్తున్నారట కదా, అంది.

నమ్మించి గొంతు కోశాడనుకుంది. పోయింది మెట్లే అయితే మళ్ళీ కట్టుకునేది. కానీ అమ్మ మోకాళ్ళ సంగతి, ఆవిడ రోజంతా కిటికీ దగ్గరే కూర్చునే సంగతి ఎవరికీ చెప్పుకోనిది ఆయనకు చెప్పుకుంది. అది తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసింది.

దానికి తోడు కింది వాటా గోల ఒకటి. నాలుగు నెలల కిందట దిగిన ముసలాయన ఈమధ్య పెరట్లో టార్పాలిన్ కట్టుకుని పొద్దస్తమానం కోత, మోత. దిగిన కొత్తలో ఒకసారి, అమ్మగారు కిందికి రారేమని అడిగాడు. మీకెందుకండీ అని ముఖం మీదే అనేసింది. మళ్ళీ మాటల్లేవు.

మరుసటి వారం ఆ రెండు గొడవలూ తేల్చేసింది. ఆటవాళ్ళందరూ చూసే చోట పాత ఉలి దొంగ అని రాసి, ఆట నడిపేవాళ్ళకు ఫిర్యాదు చేసింది. మూడో రోజుకల్లా ఆయన ఖాతా, కట్టిన ఇళ్ళు అన్నీ తుడిచేశారు. తర్వాత ఇంటి ఓనరును పట్టుకుంది.

"ఆయనో, మేమో తేల్చండి."

"ఏదో చెక్కపనట అమ్మా. పూర్తయ్యాక చూపిస్తానన్నాడు. ఇంకొక్క వారం..."

"ఒక్క పూట కూడా వద్దండీ."

ముసలాయన శనివారం ఆటోలో సామాను వేసుకుని వెళ్ళిపోయాడు. మేడమీద నుంచి చూస్తూ, పీడ విరగడైందనుకుంది.

మర్నాడు పోటీ ఫలితాలు వచ్చాయి. వచ్చిన నమూనాలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసింది. తన మెట్లు ఎక్కడా లేవు. ఎందుకో మనసు కీడు శంకించింది.

బట్టలు ఆరేయడానికి పెరట్లోకి దిగింది. గాలికి టార్పాలిన్ ఒక కొస లేచింది.

కింద కొత్త చెక్క మెట్లు. ఏడు మెట్లు, ఒక చదును, దాని మీద బల్ల. మళ్ళీ ఏడు. ఇంకో ఏడు చెక్కలు కోసి, నున్నగా చిత్రిక పట్టి గోడకు ఆనించి ఉన్నాయి. అవి కూడా బిగిస్తే సరిగ్గా మేడమీది గడప దాకా వస్తాయి.

రెయిలింగ్ కుడివైపు ఉంది.

పరుగున వెళ్ళి టేపు తెచ్చింది. మొదటి మెట్టు ఆరంగుళాలు. రెండోదీ ఆరే. మూడోదీ ఆరే.

"ఏమిటే అది?" పెరటివైపు కిటికీలోంచి అమ్మ అడుగుతోంది.

ఆమె మెట్లెక్కి చదును మీదికి వెళ్ళింది. బల్లను ఇటు తిప్పింది.

బల్ల వీపున, ఏ పని ఎవరిదో గుర్తుకు రాసుకున్నట్టు, వడ్రంగి పెన్సిలుతో రెండు మాటలు రాసి ఉన్నాయి: 'అమ్మ ఇల్లు'.