ఒక్కరే రావాలి, లేదా ముగ్గురూ

ఫోన్ మోగగానే లెక్కల మేడమ్ ఒకసారి దగ్గి, అప్పుడు ఎత్తింది.

"మేడమ్, మీరు రాక మీటింగ్ ఆగిపోయింది," అన్నాడు కాలేజీ గుమాస్తా.

"నా ఉద్యోగం పీకే మీటింగుకి నేనెందుకండీ? పైగా జ్వరం."

"పద్నాలుగు మందీ ఓటు వేయడానికి వచ్చి కూర్చున్నారు. మీరు లేకపోతే చెల్లదట."

ఆ కాలేజీలో లెక్చరర్లు పదిహేను మంది, ముగ్గురేసి సభ్యులతో కమిటీలు పదిహేను. ఒక్కొక్కరూ మూడు కమిటీల్లో ఉంటారు. మీటింగుకి ప్రతి కమిటీ నుంచీ ఒక్కరే రావాలి, లేదా ముగ్గురూ రావాలి. ఇద్దరు వస్తే రాని మూడో మనిషి మీద తప్పంతా నెట్టేస్తారని పాత ప్రిన్సిపాల్ ఒకాయన అనుభవం మీద పెట్టిన నియమం అది.

మేడమ్ పరిశోధనా అలాంటిదే. జ్యామితిలో కొన్ని బిందువుల గుంపులుంటాయి. ప్రతి రేఖా ఆ గుంపును ఒక్క బిందువులోనే తాకాలి, లేదా మొత్తంగా అందులోనే ఉండాలి. వాటిని హైపర్‌ప్లేన్లు అంటారు. అవెన్ని రకాలో తేల్చడంలో ఆమె పదకొండేళ్లు గడిపింది. "ఇది ఎవరికి పనికొస్తుందమ్మా?" అని ఇప్పటి ప్రిన్సిపాల్ అడిగిన రోజే ఆ ఉద్యోగానికి నూకలు చెల్లాయి. ఉద్యోగం పోతే ఆ పనీ ఆగిపోతుందని ఆమెకు చాలా భయంగా ఉంది.

వంటగదిలో భర్త సణుగుతూ కప్పులు కడుగుతున్నాడు. ఎన్నడూ ఎవరినీ ఇంటికి పిలవని భార్య, నిన్న తను ఇంట్లో లేనప్పుడు టీ పార్టీ పెట్టి సింకు నింపేసిందని ఆయన బాధ.

"ఇంకో రోజు పెట్టుకోండి," అంది మేడమ్.

"ఈ సాయంత్రంతో గడువు అయిపోతుంది మేడమ్. మీరు రాకుండా చెల్లే దారేదైనా ఉంటే మీకే తెలియాలని ప్రిన్సిపాల్‌గారు అంటున్నారు."

"ఉంది. కొందరిని ఇళ్లకు పంపేయండి. ఏడుగురో తొమ్మిది మందో మిగిలేలా చేయొచ్చు. ఐదుగురైతే ఇంకా తేలిక, కమిటీకి ఒక్కరే ఉంటారు."

"ఏ ఐదుగురైనా సరేనా?"

"కుదరదు. నేను లేకుండా కుదిరే అలాంటి జట్లు నాలుగే."

"ఏదో ఒకటి చెప్పండి మేడమ్, అందరూ ఆకలి మీదున్నారు. ఎటూ అందరిదీ ఒకే మాట, ఎవరు కూర్చుంటే ఏంటి?"

"రాసుకోండి. కెమిస్ట్రీ, హిస్టరీ, ఎకనామిక్స్, బోటనీ, ఇంగ్లీషు." కాగితం చూడకుండానే చెప్పింది.

అవతల కుర్చీలు జరిపిన చప్పుడూ, ఇంటికి బయల్దేరిన తొమ్మిది మంది నవ్వులూ వినిపించాయి.

భర్త తడి చేతులతో బయటికొచ్చాడు. "నీకేమైనా మతి పోయిందా? నీకు గొయ్యి తవ్వుతుంటే దగ్గరుండి కొలతలిస్తావా?"

"అడిగారు, చెప్పానండీ."

"నాకు కడుపు మండిపోతోంది!"

ఆమె వంటగదిలోకి వెళ్లి, గుడ్డ తీసుకుని కప్పులు తుడవసాగింది.

నిన్న ఆమె టీకి పిలిచింది ఆ ఐదుగురినే.