తొండ అడిగిన చోటు

కొత్తింటి పెరట్లో చెట్లు వేయబోతూ సూరాంబ అక్కడ తిరిగేవాటన్నిటినీ పిలిచి, ఎవరికేం కావాలో అడిగింది.

"నాకు జామచెట్టు," అంది ఉడత.

"మందారం లేని పెరడూ ఒక పెరడేనా? ఎర్రది వెయ్యి," అంది తేనెపిట్ట.

కోయిలకి మామిడి కావాలట.

గోడ మీది తొండ మాత్రం, "నడుమ ఆ కాస్త నేలా ఖాళీగా వదిలెయ్యమ్మా, ఎండ పడుతుంది," అంది.

ఉడత పకపకా నవ్వింది. "ఎండ కావాలని ఎవరైనా అడుగుతారా మామా? అక్కడ ఇంకో జామ పడుతుంది."

తొండ తల పైకీ కిందికీ ఆడించింది. అది దానికి పుట్టినప్పటినుంచీ ఉన్న అలవాటే. సూరాంబ మాత్రం అది ఒప్పుకుందనుకుని నడుమ రెండో జామ, పక్కన సపోటా, మిగిలిన సందులో గన్నేరు నాటేసింది.

కొన్నేళ్లకి చెట్లు ఒకదాని మీద ఒకటి పడి పెరిగి, పెరడంతా చీకటి చేశాయి. మందారం మొగ్గ తొడగలేదు. జామకొమ్మలు వెలుగు కోసం సన్నగా పైకి సాగాయే గానీ పిందె వేయలేదు.

ఒక ఉదయం ఉడత ఆకలితో గోడెక్కింది. అక్కడ తొండ ఎండ కాచుకుంటోంది. దాని పక్కనే, గోడ దాటి ఎండలోకి వాలిన ఒకే ఒక్క కొమ్మకి జామకాయ వేలాడుతోంది.

"ఆ రోజు నువ్వూ తలూపావుగా మామా!" అని దెప్పింది ఉడత.

తొండ పక్కకి జరిగి దానికి చోటిచ్చింది.

"నా తల అందరూ చూశారు. నోటితో చెప్పింది ఎవరు విన్నారే?"