పళని నడిచిన పాదాలు

"నీ షెడ్డుకు తాళం వేయించకపోతే నా పేరు తవసి కాదు!"

బండి ఇంకా పూర్తిగా ఆగనే లేదు, తవసి కేబిన్‌లోంచి దూకి, చెప్పుల్లేని కాళ్లతో మెకానిక్ ఆరోగ్యసామి మీదికొచ్చాడు. సిరుమలై కొండ మీంచి దిండుక్కల్ సంతకు అరటిగెలలు దించే పికప్ అది. పదిహేను రోజుల్లో షెడ్డుకు రావడం ఇది మూడోసారి. గేరు మార్చినప్పుడల్లా కర్రుమని పళ్లు కొరుకుతోంది. క్లచ్ దగ్గర ఒకటే రొద.

"కొత్త ప్లేటన్నావు, కొత్త బేరింగన్నావు. ఏం వేశావయ్యా, నా నెత్తిన మట్టి వేశావు! రేపు స్టాండులో నిలబడి చెప్తా. ఆ తర్వాత కొండబండి ఒక్కటి నీ గడప తొక్కితే అడుగు."

కొండబండ్ల మీదే ఆరోగ్యసామి కూడు. తవసి నోరు ఎలాంటిదంటే, పొద్దున స్టాండులో ఒక మాట అన్నాడా, మధ్యాహ్నానికి కొండ మీద కోతులకు కూడా తెలిసిపోతుంది.

"తాళంచెవి ఇలా ఇవ్వన్నా" అని తానే ఎక్కి, రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. గేర్లు వెన్నలో వేలు దింపినట్టు పడ్డాయి. రొదా లేదు, గిదా లేదు.

"నీ దగ్గర నోరు మూసుకుంటుందేం? మందు పెట్టావా?" అంటూ తవసి ఎక్కి గేరు వేశాడు. కర్రుమంది.

"అన్నా, నువ్వు క్లచ్ అడుగుదాకా తొక్కడం లేదు. వదిలాక కూడా పాదం దాని మీదే ఆనించి ఉంచుతున్నావు. రొద అందుకే."

"నా పాదం ఎక్కడుందో నాకు తెలీదా?" తవసి కిందికి దూకి, ఎడమకాలు ఎత్తి పట్టుకుని చూపించాడు. "ఇరవై రెండేళ్లు కావడి మోసుకుంటూ పళనికి నడిచిన పాదం ఇది. పంగుని నెల ఎండకు తారు కుతకుతలాడుతుంటే కుర్రాళ్లు కప్పల్లా గంతులేస్తారు. నాకా? రెండేళ్ల నుంచి చుర్రుమనడం కూడా లేదు. పూల మీద నడిచినట్టే! రాయీ ముల్లూ తెలియకుండా చేశాడు నా మురుగన్. ఇంత పాదానికి నువ్వు క్లచ్ నేర్పుతావా? విప్పు. నా కళ్లముందే విప్పు."

విప్పాడు. తీసిన ప్రతి ముక్కనూ గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. పది రోజుల క్రితం వేసిన ప్లేటు పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడి ఉంది. పాదం ఆనించడం వల్లేనని ఒకరు, నకిలీ సరుకు వల్లేనని ఇంకొకరు. తవసి కేబిన్ ఎక్కుతాడు, దూకుతాడు, బండి కింద తల దూర్చి చూస్తాడు, మళ్లీ ఎక్కుతాడు.

"అన్నా, ఆ నూనె కాళ్లతో షెడ్డంతా తొక్కకండి, ఇప్పుడే కడిగాను" అంది ఆరోగ్యసామి భార్య ఫిలోమినా.

"నూనె నీ మొగుడిది చెల్లెమ్మా. కాళ్లు మాత్రమే నావి."

అంతా బిగించి, చివర్లో పెడల్ దగ్గరికొచ్చేసరికి ఆరోగ్యసామి చెయ్యి ఆగిపోయింది. పెడల్‌ను పట్టి ఉంచే పిన్ను లేదు. చిటికెనవేలిలో సగం కూడా ఉండదది, మొన మాత్రం సూదే. పట్టా దులిపాడు. జేబులు చూసుకున్నాడు. కొత్తది వేయడం ఎంతసేపు! కానీ పాతది లోపల జారిపడి ఉంటే? గేర్ల మధ్య ఇరుక్కుందంటే ఏ కొండమలుపులోనో మనిషి ప్రాణం తీస్తుంది.

తవసి చప్పట్లు చరిచాడు. "దొరికావురా మేస్త్రీ! పోయినసారి కూడా ఇలాగే ఏదో లోపల వదిలేశావు. ఇన్నాళ్లూ అరిచింది అదే."

"లేదన్నా. ఇక్కడే ఎక్కడో పడింది."

"బయట దొరికిందా, తప్పు నాదేనని స్టాండులో అందరి ముందూ చెంపలేసుకుంటా. దొరకలేదా, నీ షెడ్డుకు తాళం. మాటంటే మాటే."

ఆరోగ్యసామి పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి, మోకాళ్ల మీద వంగి నేలంతా ఈడ్చడం మొదలుపెట్టాడు. వేళాంగణి మాతా, ఇరవై ఏళ్ల పని నాది, ఒక్క పిన్ను చూపించు తల్లీ. మేకులు వచ్చాయి, తుప్పుపట్టిన బోల్టులు వచ్చాయి, ఎప్పటిదో బ్లేడుముక్క వచ్చింది. పిన్ను రాలేదు.

ఫిలోమినా టీ తెచ్చింది. "మీ గ్లాసులో చక్కెర వేయలేదన్నా. ఒంట్లోనే షుగరు ఉందన్నారు గదా. మందులు వాడుతున్నారా?"

"మందులెందుకమ్మా? పరగడుపున విభూతి నీళ్లు తాగుతున్నా. చూడు, రాయిలా ఉన్నాను." తవసి పాత టైరు మీద కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నాడు. "నీ మొగుడు మాత్రం బాగా మోకరిల్లాడే! గుడిలో కూడా ఇంత భక్తి చూపించి ఉండడు."

ఫిలోమినా ఇందాక కడిగిన నేల మీద నూనె మరకల్ని గుడ్డతో తుడుస్తూ, గుడ్డకంటిన ఎర్రజీర వంక ఒకసారి చూసి మొహం చిట్లించింది.

ఆరోగ్యసామి గోడ పొడుగునా వెతికాడు. బెంచీ కింద వెతికాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, తాడు ఈడ్చుకుంటూ టైరు దగ్గరికి వచ్చాడు. లేవబోతూ అయస్కాంతాన్ని చేతిలోకి తీసుకున్నాడో లేదో, అది ఒక్క గుంజు గుంజి, టక్కున దేనికో కరుచుకుంది.

తలెత్తి చూశాడు.

తవసి ఎడమ మడమలో తలదాకా దిగిన పిన్నుకు అయస్కాంతం అంటుకుని ఉంది. తవసి మాత్రం తీరిగ్గా టీ ఊదుకుంటూ, "ఆ మూల కూడా చూడు" అన్నాడు.