ఇడిసిపెట్టిన గోల్

ఆదిలాబాద్ బస్టాండులో దిగేసరికి గోపాల్ కోపం తగ్గలేదు సరికదా, దారి పొడుగునా కాగి కాగి ఇంకా చిక్కబడింది.

పోయిన నెల అతను గోల్ కొట్టాడు. లేహ్‌లో, గడ్డకట్టిన చెరువు మీద, పటాలాల మధ్య జరిగిన ఐస్ హాకీ పోటీ ఫైనల్లో. ఆఖరి నిమిషంలో. ఆ ఒక్క గోల్‌తోనే వాళ్ల యూనిట్ కప్పు గెలిచింది.

చొప్పదండిలో పుట్టినవాడు. సైన్యంలో చేరేదాకా మంచు అంటే ఫ్రిజ్‌లో చూసిందే. ముప్పై దగ్గర పడ్డాక కాళ్లకు స్కేట్లు కట్టాడు. పడ్డాడు. మోచెయ్యి విరిగింది. ముందుపన్ను ఊడింది. చిన్నప్పటి నుంచి మంచు మీదే పెరిగిన కొండప్రాంతం కుర్రాళ్లు నవ్వారు. డ్యూటీ అయ్యాక ఒక్కడే వెళ్లి మళ్లీ పడ్డాడు. ఎన్ని చలికాలాలు గడిచినా జట్టులో అతని చోటు బెంచీ మీదే.

అలాంటివాడు గోల్ కొట్టాడు. భుజాల మీద మోశారు. సాయంత్రానికల్లా మెస్‌లో మాట మారిపోయింది.

“అవతలి గోల్‌కీపర్ నదీమ్ ఎవరనుకున్నారు? గోపాల్ దిక్కువాడే. సెలవులకు ఇద్దరూ ఒకే రైల్లో పోతారు. దోస్తు కోసం వదిలేశాడు.”

వీడియో కూడా తిరిగింది. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల నదీమ్ కుడిపక్క నుంచి మెల్లగా జారుకుంటూ వచ్చింది. నదీమ్ కాలు చాపితే ఆగేది. చాపలేదు. జట్టులో అందరూ నవ్వారు. కెప్టెన్ మాత్రం నవ్వకుండా, “నాకైతే చెప్పు గోపాల్, ముందే మాట్లాడుకున్నారా?” అని అడిగాడు. ఆ మాట నవ్వుల కంటే ఎక్కువ కాల్చింది.

సెలవు మీద ఇంటికొస్తే, బాపు లచ్చయ్య చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించి ఉన్నాడు. మెడలో మెడల్‌తో గోపాల్ ఫొటో, కింద ‘మన చొప్పదండి పులి’. గోపాల్ నిచ్చెన వేసుకుని ఎక్కి దాన్ని పీకేశాడు. ఎందుకో చెప్పలేదు. మర్నాడు బస్సెక్కాడు.

నదీమ్ ఇల్లు జిన్నింగ్ మిల్లు వెనక సందులో. గోపాల్‌కు కొత్త కాదు. ఆ ఇంట్లో పండుగలకు తిన్నాడు. ఈసారి చెప్పులు కూడా విడవలేదు.

నదీమ్ భార్య అజీజా తలుపు తీసింది. “రా భాయ్, కూసో.”

“కూసునెటందుకు రాలే భాభీ. ఆయనేడి?”

నదీమ్ నడిమింట్లో కుర్చీలో ఉన్నాడు. తల పూర్తిగా తిప్పి చూసి, “గోపాల్, నువ్వా,” అన్నాడు తాపీగా. ఆ తాపీతనం గోపాల్‌కు పొగరులా తోచింది.

ఫోన్ తీసి అతని మొహం ముందు పట్టుకున్నాడు. “మా జట్టోళ్లందరు గీ గ్రూపుల ఉన్నరు. ఒక్క మాట చెప్పు, రికార్డు చేస్తున్న. ‘నేను ఇడిసిపెట్టలే, గోపాలే కొట్టిండు’ అను. గంతే.”

గోపాల్ ఫోన్‌ను ఇంకాస్త దగ్గరకు జరిపాడు.

“అను భాయ్. గంతకంటె ఏం అడుగుతలే నిన్ను.”

“ఇడిసిపెట్టిన,” అన్నాడు నదీమ్.

“ఏమన్నవ్?”

“కావాలనే ఇడిసిపెట్టిన. మస్తు కష్టపడ్డవ్ గదా, ఒక్కటన్న పడనీ అనుకున్న. మీ కెప్టెన్‌కు వినిపియ్. నీకేం తెల్వదని సుత చెప్పు.”

గోపాల్ గొంతు లేచింది. సందు చివరిదాకా వినబడింది.

“నేనడిగిన్నా నిన్ను? మోచెయ్యి ఇరిగినప్పుడు ఏడ్వలే నేను. పన్ను ఊడినప్పుడు ఏడ్వలే. గా గోల్ పడ్డప్పుడు ఏడ్చిన. దాన్ని నాకు బిచ్చమేసినవా?”

“తిట్టు. నీ ఇష్టమున్నంత తిట్టు.”

గోపాల్ కుడిచేతిలో ఫోన్ ఉంది. ఎడమచెయ్యి లేచింది. నదీమ్ కుడిచెంప దాకా విసురుగా పోయి, వేలెడు దూరంలో ఆగింది. నదీమ్ వెనక్కి జరగలేదు. రెప్ప కూడా వెయ్యలేదు.

కొట్టడులే అన్న ఆ ధీమా చూసి గోపాల్‌కు ఇంకా మండింది.

“కొట్టినా నీకు సిగ్గు రాదు. ఇయ్యాల్టి నుంచి నువ్వెవలో నేనెవలో. రైల్ల ఎదురుపడ్డా పలకరించకు.”

గడప దాటుతూనే ఆ రికార్డును గ్రూపులో పెట్టేశాడు. కప్పు పోతే పోనీ. తాను బిచ్చమెత్తలేదని తెలిస్తే చాలు.

సందులో పత్తి ట్రాక్టర్ అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఆగక తప్పలేదు. వెనక నుంచి అజీజా వడివడిగా వచ్చింది. ఆమె మొహం కూడా కోపంతో ఎర్రగా ఉంది.

“కడుపు సల్లబడ్డదా భాయ్?”

“నువ్వు నడుమల రాకు భాభీ. ఆయన నోటితోనే ఒప్పుకున్నడు.”

“ఒప్పుకోక ఏం జేస్తడు? బేమాన్, మోసం జేసిండు అంటె నాలుగు దినాలు నవ్వుతరు, ఊకుంటరు. అసలు సంగతి బయటపడితె నౌకరీ పోతది. గా గోల్ నీదే. నీ ఒక్కనిదే.”

“గిప్పుడు గీ అబద్ధమెందుకు? గంత మెల్లగ వస్తుంటె ఆయన కదల్లే. దునియా అంత చూసింది.”

అజీజా సందు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“దునియా చూసింది భాయ్, ఆయన చూడలే... కుడికన్ను పోయి ఏడాదయితుంది.”