నా కండ్లు మంచివి కావమ్మా

జువేరియా చేతిలోని సుర్మా పుల్లను లాక్కుని, ఇందిరమ్మ మురుగుకాలవలోకి విసిరేసింది.

పాప కెవ్వుమంది.

కుట్టుమిషను వదిలి మెహ్‌నాజ్ పరుగెత్తుకొచ్చింది. అది వెండి పుల్ల. పెండ్లికి వాళ్ళమ్మ ఇచ్చింది. శుక్రవారం వస్తే ఇంట్లో అందరి కండ్లకూ దాంతోనే సుర్మా పెడుతుంది.

"ఏమైంది బేటా?"

"అవ్వ కండ్లు ఎర్రగా ఉండాయని సుర్మా పెట్టినా అమ్మీ. నేనూ పెట్టుకుంటాంటే లాగేసింది!"

మెహ్‌నాజ్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఈ ముసలామె పుంగనూరు వచ్చి, వీళ్ళ పక్క గదిలో చేరి ఏడాది. ఒంటి మనిషి. ఎప్పుడు చూసినా నీళ్ళు కారే కండ్లతో గడపలో కూర్చుని, చిన్న పట్టకారుతో రెప్పల వెంట్రుకలు పీక్కుంటుంది. పిల్లలు దగ్గరికొస్తే కసురుతుంది. రంజానుకు షీర్‌ఖుర్మా తెస్తే, వీళ్ళ గిన్నె ముట్టకుండా తన గిన్నెలోకి పోయించుకుంది. ఏం మడో, ఏం ఆచారమో! అయినా జువేరియా మాత్రం 'అవ్వా, అవ్వా' అంటూ ఆమె చుట్టే తిరుగుతుంది.

"మేమంటే అంత రోత యాల నీకు?" అని అరిచింది మెహ్‌నాజ్.

"రోత కాదు తల్లీ. నా కండ్లు మంచివి కావమ్మా. పాపను నా దగ్గరికి పంపొద్దు."

"ఓహో! నీ నోటితోనే ఒప్పుకుంటాండావే! నా బిడ్డకు దిష్టి పెడతాండావా? ఒక బిడ్డను కనుంటే తెలిసేది నీకు!"

ఇందిరమ్మ పట్టకారు తీసుకుని లేచింది. లోపలికి పోయి తలుపేసుకుంది.

మరునాడే గది ఖాళీ చేసింది. మెహ్‌నాజ్ పాపకు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసి, పీడ వదిలిందనుకుని, కొత్త సుర్మా పుల్ల కొనుక్కుంది.

కొన్నాళ్ళకు జువేరియా కండ్లు పుసికట్టాయి. మదనపల్లెలో కంటి డాక్టరుకు చూపించింది.

"ఇది మామూలు కండ్లకలకే. ఇంట్లో అందరికీ ఒకే పుల్లతో సుర్మా పెడతారా?"

"అవును సార్. మా అమ్మ నాటి నుంచీ అంతే."

"మానేయండి. ట్రకోమా అని ఒక జబ్బుంది. పుల్లతో, వేలితో, తువాలుతో అంటుకుంటుంది. పిల్లలకు మళ్ళీ మళ్ళీ వస్తే, పెద్దయ్యాక రెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు కనుగుడ్డును గీకుతాయి. పీక్కుంటూ పీక్కుంటూనే చూపు పోగొట్టుకుంటారు."

గడపలో పట్టకారుతో కూర్చున్న ఇందిరమ్మ మెహ్‌నాజ్‌కు గుర్తొచ్చింది. కండ్లు మంచివి కావంటే ఇదా! యా అల్లా, ఎంత మాటన్నాను!

గది యజమాని రెడ్డెప్పను అడిగి, సదుం దగ్గర పల్లెలో ఇందిరమ్మ ఇల్లు వెతికి పట్టుకుంది.

చూపులేని ఒక నడివయసు ఆమె గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"ఇందిరమ్మ ఉండాదా అక్కా? తప్పైందని చెప్పుకోను వచ్చినా."

"మా అమ్మ మొన్ననే కన్నుమూసిందమ్మా. జరంతో వచ్చి వసారాలోనే పండుకునింది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు."

"మీ అమ్మా?"

"ఊఁ. చిన్నప్పుడు తన కంటికి పెట్టుకున్న వేలితోనే నాకూ కాటిక పెట్టేది. నా చూపు పోయింది తన వల్లేనని కుమిలి కుమిలి ఏడ్చేది."

మెహ్‌నాజ్ ఆ ఖాళీ వసారా వైపు చూసింది.

ఇంట్లో ఉయ్యాలలో ఏడాది బిడ్డ కదిలింది. ఇందిరమ్మ కూతురు అటువైపు తల తిప్పింది.

"లేకలేక నాకు పాప పుట్టిన దినమే అమ్మ ఇల్లు వదిలిపోయింది, నీ జబ్బు ఇప్పుడు ఎవరికీ అంటదని డాక్టరు ఎంత చెప్పినా నమ్మక, మనమరాల్ని ఒక్కసారైనా ఎత్తుకోకుండానే పోయింది."