చల్లారని బూడిద

ఒక పెరట్లో తల్లిపిల్లి, దాని కూన ఉండేవి. కూన పొద్దున లేవగానే బూడిద కుప్పకు వెళ్లడం మానేసి, కోడి గుడ్లు పెట్టే గడ్డిలో ఉచ్చ పోయసాగింది.

"ఇదేనా నీ పెంపకం, వదినా? కంపు భరించలేకున్నా!" అని కోడి దెప్పింది.

తల్లికి తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ఆ బూడిద..." అంటున్న కూనను, "నోర్ముయ్! నా కళ్లెదుట ఉండకు" అని గోడ దాకా తరిమింది. కూన గోడ దూకి వెళ్లిపోయింది.

ఎప్పుడూ సాయంత్రమే కుప్పకు వెళ్లే తల్లి, మర్నాడు పొద్దున్నే వెళ్లింది. అప్పుడే పొయ్యిలోంచి తీసి పోసిన బూడిద. కాలు చుర్రుమంది.

గోడెక్కి చీకటిపడేదాకా పిలిచింది. కూన పలకలేదు.

"వెర్రి కూన! కాలుతోందని చెప్పొచ్చుగా" అంది కోడి.

"చెప్పబోయింది, వదినా."

ఇప్పటికీ తల్లి రోజూ పొద్దున్నే బూడిదలో కాలు పెట్టి చూస్తుంది. చల్లారేదాకా ఆగి చెబుదామంటే కూన లేదు.